మైకులో మాట, జీవోలో మెలిక

షరతు పెట్టడం తప్పు కాదు. మాట ఇచ్చి, చప్పట్లు కొట్టించుకుని, ఓట్లు వేయించుకుని, గద్దెనెక్కి, ఆ తర్వాత తీరిగ్గా షరతు పెట్టడం మోసం. దీనికి ఇంతకన్నా మర్యాదైన పేరు నాకు దొరకలేదు. వెతికే ఓపికా లేదు.

2022 మే 6న హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రాహుల్ గాంధీని వేదిక మీద కూర్చోబెట్టి కాంగ్రెస్ పార్టీ వరంగల్ రైతు డిక్లరేషన్ ప్రకటించింది. చదివింది అప్పటి పీసీసీ అధ్యక్షుడు, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి. రెండు లక్షల రూపాయల పంట రుణం ఒకే దఫాలో మాఫీ అన్నారు. భూమి ఉన్న రైతుకే కాదు, కౌలు రైతుకూ ఎకరానికి ఏటా 15 వేలు అన్నారు. భూమి లేని కూలీకి 12 వేలు అన్నారు. ఆ సాయంత్రం మైకులో వినిపించిన షరతు ఒక్కటే: మేం అధికారంలోకి వస్తే. ఆ షరతు నెరవేర్చే పూచీ రైతు మీద పడింది. 2023 నవంబర్ 30న పోలింగ్ కేంద్రాల ముందు వరుసలో నిలబడి రైతు తన వంతు పూర్తి చేశాడు. ఆ క్షణం నుంచి బాకీ అటువైపే ఉంది.

డిసెంబర్ 9న మాఫీ అని ఎన్నికల ప్రచారంలో చెప్పారు. ఆ తేదీ వచ్చింది, పోయింది. 2024 జులై 15న మార్గదర్శకాల జీవో వచ్చింది. అందులో చూస్తే, 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్న లేదా రెన్యువల్ చేసుకున్న స్వల్పకాలిక పంట రుణాలే లెక్కకొస్తాయి. రెండు లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి. కుటుంబం ఏదో తేల్చేది రేషన్ కార్డుల డేటా. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు పేరు ఇంకా తండ్రి కార్డులోనే ఉన్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. వేర్వేరుగా సేద్యం చేసుకునే ఆ ఇద్దరూ జీవో దృష్టిలో ఒకే కుటుంబం. స్వయం సహాయక సంఘాల అప్పులకు, జాయింట్ లయబిలిటీ గ్రూపుల అప్పులకు మాఫీ లేదు. కౌలుదారుకు బ్యాంకులో అప్పంటూ పుట్టేది ఎక్కువగా ఈ గ్రూపుల దారిలోనే కదా! రెండు లక్షలు దాటినవాళ్లు పైమొత్తం ముందు బ్యాంకులో కట్టి రావాలి. పీఎం కిసాన్‌లో అనర్హులైనవాళ్లను వీలైన మేరకు ఇక్కడా పక్కన పెడతారు.

ఒక్క విషయంలో ఈ జీవోను మెచ్చుకోవాలి. దాన్ని తెలుగులో ఇచ్చారు. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు కూడా అందుకు అభినందించారు. నేనూ అభినందిస్తాను. రైతు తనకు మాఫీ ఎందుకు కాదో మొట్టమొదటిసారి తన భాషలో చదువుకున్నాడు. కాని ఆ కాగితంలోని ఏ షరతు 2022 మే తర్వాత కొత్తగా పుట్టింది? రేషన్ కార్డులు అప్పుడూ ఉన్నాయి. రెండు లక్షలు దాటిన అప్పులు అప్పుడూ ఉన్నాయి. పీఎం కిసాన్, దాని అనర్హుల పట్టిక 2019 నుంచీ ఉన్నాయి. రెండేళ్లకు పైగా తెలిసి ఉన్న సంగతుల్ని రెండేళ్ల తర్వాత చెప్పడాన్ని మార్గదర్శకాలు అంటారట.

ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదని నేను అనడం లేదు. నాలుగు విడతల్లో 25 లక్షల 35 వేల మందికి 20,617 కోట్లు ఇచ్చామని సర్కారు లెక్క చెప్పింది. అది పెద్ద మొత్తమే. మాఫీ కాగితం చేతికొచ్చిన రైతు సంతోషాన్ని వెక్కిరించే పని నాది కాదు. ఇక్కడ తగాదా ఇచ్చినదాని గురించి కాదు, నమ్మించినదాని గురించి. నమ్మిక ఖరీదు ఎంతో వివరంగా చూద్దాం.

పంట రుణం మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం. ఏడాదిలోగా తిరిగి కడితే అందులో 3 శాతం కేంద్రం భరిస్తుంది, రైతుకు పడేది 4 శాతమే. ఇప్పుడు లక్షా తొంభై వేలు తెచ్చుకున్న ఒక రైతును ఊహించుకోండి. మాఫీ అవుతుందని విన్నాడు కాబట్టి కట్టడం ఆపాడు. మాఫీ అయ్యే అప్పును ఎవడు కడతాడు? కట్టినవాణ్ణి ఊళ్లో అమాయకుడంటారు. ఏడాది తిరిగేసరికి 7 శాతం లెక్కన వడ్డీ 13,300. అప్పు 2,03,300 అయింది. 3 శాతం రాయితీ పోయింది. గడువు దాటిన అప్పు మీద ఆ 7 శాతం రేటూ నిలవదు. ఇప్పుడు జీవో వచ్చి, నీ అప్పు రెండు లక్షలు దాటింది, పైమొత్తం కట్టి రా, అప్పుడు చూద్దాం అంటుంది. అతను గీత దాటింది అప్పు ఎక్కువ చేసి కాదు. మీ మాట విని ఆగినందుకు దాటాడు. మాట ఇచ్చినవాళ్లే ఆ మాట వల్ల ఎదిగిన వడ్డీని చూపించి తలుపు వేశారు. ఇంతటి తెలివి ఓరుగల్లు సాహుకార్లకు కూడా తట్టలేదు.

ఇది ఒక్క పార్టీ విద్య కాదు. అంతకు ముందున్న ప్రభుత్వం 2018లో లక్ష రూపాయల మాఫీ అని చెప్పి గెలిచింది. 25 వేల లోపు వాళ్లకు ఒక ఏడు, 50 వేల లోపు వాళ్లకు మరో ఏడు అంటూ సాగదీసి 2023 ఆగస్టు దాకా, అంటే మళ్లీ ఎన్నికలు వాకిట్లోకి వచ్చేదాకా లాగింది. వాళ్లకు ఈ వ్యాసం చదివి నవ్వే హక్కు లేదు.

తెలుగు వాక్యంలో షరతు ముందు నడుస్తుంది. వాన పడితే విత్తుతాం. ధర వస్తే అమ్ముతాం. బళ్లో చేదర్థకం అని నేర్పింది ఇదే. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. అందుకే ‘ఇస్తాం’ అనే మాట వినపడక ముందే ‘ఇలా అయితే’ అన్నది చెవిన పడి తీరుతుంది. ఇంగ్లీషులో ఆ కట్టుబాటు లేదు. కండిషనల్లీ అనే క్రియావిశేషణాన్ని ముందు పెట్టొచ్చు, నడుమ ఇరికించొచ్చు, అంతా అయిపోయాక తోకలా తగిలించొచ్చు. మన ఆఫీసులు, బ్యాంకులు ఆ సౌకర్యాన్ని బాగా వంటబట్టించుకున్నాయి. ‘కండిషనల్‌గా సాంక్షన్ అయింది కాకా’ అంటాడు కౌంటర్ అవతల కుర్రాడు. కాకాకు వినపడేది సాంక్షన్ ఒక్కటే. కండిషన్లేమిటో వారం తర్వాత, జిరాక్సులు, సంతకాలు, ఈసీలు, నో డ్యూ సర్టిఫికెట్ల కోసం తిరిగేటప్పుడు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. ఆ తిరుగుడుకు మన జనం పెట్టుకున్న పేరు కొర్రీలు. జైలు నుంచి కండిషన్ బెయిల్ మీద వచ్చినవాడికి ఉన్నపాటి స్పష్టత కూడా రైతుకు లేదు. ఏ రోజు ఏ స్టేషన్‌లో సంతకం పెట్టాలో కోర్టు ఉత్తర్వులోనే రాసి ఉంటుంది.

షరతు మాటతో పాటే ఉండాలన్న సంగతి చట్టం ఎరగనిదేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో షరతు విక్రయం ద్వారా తాకట్టు అనే పద్ధతి ఒకటుంది. అవసరంలో ఉన్నవాడు భూమి అమ్మినట్టే దస్తావేజు రాస్తాడు, డబ్బు తిరిగి కడితే భూమి తిరిగి రాసివ్వాలని షరతు పెట్టుకుంటాడు. 1929లో ఆ సెక్షన్‌కు ఒక ముక్క చేర్చారు. షరతు అనేది అమ్మకం రాసిన ఆ దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితంలో ఉంటే అది తాకట్టు కింద లెక్కకు రాదు. అంటే, సాహుకారు మాట నమ్మి, తిరిగి రాసిస్తాననే ఒప్పందాన్ని విడిగా మరో కాగితం మీద రాయించుకున్న రైతుకు తాకట్టుదారుడి రక్షణ దక్కదు. షరతు ఉంటే అక్కడే రాసుకోవాల్సింది అని కోర్టు ముఖం మీద చెబుతుంది.

రైతు పెట్టుకున్న షరతు వేరే కాగితంలో ఉంటే చెల్లదు. రైతుకు పెట్టిన షరతు రెండేళ్ల తర్వాత, వేరే కాగితంలో, వేరే సంతకంతో వచ్చినా చెల్లుతుంది! ఈ రెండు నియమాలూ ఒకే దేశంలో, ఒకే మనిషి మీద అమలవుతున్నాయి.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, షరతుల్లేకుండా ఖజానా పంచిపెడితే రాష్ట్రం ఏమవుతుందని అడుగుతాడని నాకు తెలుసు. సరైన ప్రశ్నే. షరతు లేకపోతే ఏమవుతుందో మనం చూశాం కూడా. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధుకు భూపరిమితి అనే షరతే లేదు. ఎకరానికి సీజన్‌కు 4 వేలు, తర్వాత 5 వేలు. పాసుపుస్తకంలో ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ ఇచ్చారు. హైదరాబాద్‌లో కూర్చున్న ఆసామికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, అతని పొలంలో నాట్లేసిన కౌలుదారుకు పైసా రాలేదు. షరతు పెట్టాల్సిన చోట పెట్టలేదు. ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లు అడగగలిగినవాళ్లు.

తర్వాత ఏమైంది? రైతుబంధు స్థానంలో, ఎకరానికి 15 వేలన్న రైతు భరోసా 2025 జనవరి 26న 12 వేలుగా మొదలైంది. కౌలు రైతు డిక్లరేషన్‌లోనే ఉండిపోయాడు. భూమిలేని కూలీలకు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు మాత్రం షరతు జాగ్రత్తగా రాశారు: 2023-24లో ఉపాధి హామీ పనికి కనీసం 20 రోజులు పోయి ఉండాలి. జరిగిపోయిన సంవత్సరంలో పనికి పోయి ఉండాల్సిందని ఇప్పుడు చెబితే ఆ కూలీ ఏం చేయాలి? కాలం వెనక్కి తిప్పాలా? జబ్బుపడి పోలేనివాడు, పత్తి ఏరడానికి కూలికి పోయి ఉపాధి పనికి తక్కువ రోజులు పోయినవాడు, అందరూ బయటే. ఆసామికి లేని షరతు కూలీకి ఉంది, అదీ గతించిన ఏడాది మీద. మన సంక్షేమం షరతుల్ని కిందికే పారిస్తుంది.

వడ్ల బోనస్ సంగతి చిన్నదే గాని చెప్పకుండా వదలలేను. క్వింటాల్‌కు 500 బోనస్ అని ఎన్నికల్లో అన్నప్పుడు వడ్లు అంటే వడ్లే అనుకున్నాం. 2024 వానాకాలం పంట వచ్చేసరికి సన్న వడ్లకే అన్నారు. 33 రకాలతో జాబితా వచ్చింది. గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలన్నారు. కొనుగోలు కేంద్రాల్లో గింజను కొలవడానికి పరికరాలు పెట్టారు. దొడ్డు వడ్లు పండించినవాడు ఓటేసినప్పుడు అతని ఓటు వెడల్పు ఎవరూ కొలవలేదు.

పై నుంచి కిందికి పెట్టిన షరతులు ఇంత గట్టిగా అమలవుతాయి గదా, మరి కింది నుంచి పైకి పెట్టినవి? ఈ నేల చరిత్రంతా దానికి జవాబే. 1955లో ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచమంది. 1961 ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. ఆ షరతును ఎవరూ ఖాతరు చేయలేదు. దాని బదులు 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అందులో షరతులకు కొదవ లేదు: తెలంగాణ మిగులు తెలంగాణకే, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి మరో ప్రాంతం వాడు. నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడింది. ఉప ముఖ్యమంత్రి కుర్చీ మొదటి రోజే మాయమైంది. ఆ పదవిని ఆరో వేలన్నారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1969లో ఇక్కడి పిల్లలు వీధుల్లోకి ఎందుకొచ్చారో వేరే చెప్పనక్కర్లేదు.

అంత వెనక్కి పోవడం ఎందుకనుకుంటే వరంగల్ పక్కనున్న మామునూరు, కాజీపేట చాలు. నిజాం కాలంలో 1930లో కట్టిన మామునూరు విమానాశ్రయం దశాబ్దాల పాటు గడ్డి పట్టి పడి ఉంది. దాన్ని మళ్లీ తెరుద్దామంటే అడ్డొచ్చింది ఒక షరతు. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కంపెనీతో రాసుకున్న ఒప్పందం ప్రకారం, అది తెరిచాక 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల గాలిదూరంలో మరో విమానాశ్రయం రాకూడదు. ఆ కాగితం మీద ఓరుగల్లు వాసి సంతకం లేదు, అతన్ని అడిగినవాడూ లేడు. అయినా ఆ షరతు ఇరవై ఏళ్లపాటు ఉక్కులా నిలబడింది. కంపెనీ సరేనన్నాకే 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది.

మరో షరతును పార్లమెంటే రాసింది. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో, అవతరణ తేదీ నుంచి ఆరు నెలల్లోగా తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు రైల్వే పరిశీలించాలి, త్వరగా నిర్ణయం తీసుకోవాలి అని ఉంది. ఆరు నెలలంటే 2014 డిసెంబర్ 2. కాజీపేటలో ప్రధానమంత్రి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు పునాదిరాయి వేసింది 2023 జులై 8న. అదీ అడిగిన కోచ్ ఫ్యాక్టరీ కాదు. ‘పరిశీలించాలి’ అన్న మాటలో ఎంత చోటుందో చూడండి, తొమ్మిదేళ్లు పట్టింది అందులో. కంపెనీతో రాసుకున్నది శిలాశాసనం, జనానికి రాసిచ్చిన చట్టం పరిశీలనాంశం.

నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. 2013 జులై 5న సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఎన్నికల ప్రణాళికలకు నియమాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి చెప్పింది. ఆ తర్వాత ప్రవర్తనా నియమావళిలో, ఇచ్చే హామీకి కారణమేమిటో, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో పార్టీలు స్థూలంగా చెప్పాలని చేర్చారు. దానికి ఇంకొక్క వాక్యం కలపండి: ఎవరికి ఇవ్వరో కూడా చెప్పాలి. హామీ ఏ సైజు అక్షరాల్లో వేస్తారో మినహాయింపులూ ఆ సైజులోనే, అదే పేజీలో వేయాలి. ఎన్నికలయ్యాక కొత్త షరతు పెడితే అది ఎందుకు ముందు తెలియలేదో శాసనసభలో జవాబు చెప్పాలి. సభకు వచ్చిన జనం సగం చప్పట్లు మానేస్తారని భయమా? మానేయనివ్వండి. ఆ చప్పట్లు అబద్ధానికి పడినవి.

ఈలోగా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో షరతు, చేతిలో పట్టుకుని తేమ కొలిచే మిషన్ రూపంలో తిరుగుతోంది. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110. వినడానికి బాగుంది. తేమ 8 శాతం లోపుంటేనే ఆ ధర. పైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. 12 దగ్గర క్వింటాల్‌కు సుమారు 324 రూపాయలు పోతుంది. 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. కోత కాదు, సున్నా. ఆ బండి ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకు తలొంచాల్సిందే. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను ఓరుగల్లును ముంచింది. హన్మకొండ వీధుల్లో నీళ్లు నిలిచాయి, చేలల్లో పగిలిన పత్తికాయ నానింది. తేమ పరిమితి సడలించమని రాష్ట్రం అడిగింది. 12 దగ్గర గీత కదల్లేదు. మునిగిన చేలో 12 శాతం తేమతో పత్తి ఏరే విద్య ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయం నేర్పుతుందో ఎవరైనా చెప్పాలి.

అది చాలదన్నట్టు కపాస్ కిసాన్ అనే యాప్ వచ్చింది. అందులో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. స్మార్ట్ ఫోన్ లేని ముసలి రైతు పక్కింటి పిల్లవాణ్ణి బతిమాలుకోవాలి. ఎకరానికి అంతకు ముందు 12 క్వింటాళ్ల దాకా కొన్నది 7కు దించారు. అంటే బాగా పండించడం కూడా షరతు ఉల్లంఘనే. జిన్నింగ్ మిల్లులు నవంబర్‌లో కొనుగోళ్లు ఆపేస్తే ట్రాక్టర్లలో పత్తి ఎదురుచూసింది.

అదే ఏడాది ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం పూర్తిగా ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు, ఆ తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి. ఓడల్లో దిగిన ఆ బేళ్లకు యాప్ లేదు, స్లాట్ లేదు, ఎకరానికి ఏడు క్వింటాళ్ల లెక్క లేదు.